మూడడుగుల పదకొండు అంగుళాలు

(విజయవాడలో తల్లిదండ్రుల కోసం ఒక ఆదివారం ఏర్పాటైన సమావేశంలో, మచిలీపట్నానికి చెందిన ఒక రంగుల దుకాణదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తాను, నేను టీచర్ని కాదు. బందరులో మాకు రంగులు, టైల్స్, హార్డ్‌వేర్ సామాన్ల దుకాణం ఉంది. ఇరవై ఏళ్ళుగా గల్లాపెట్టె దగ్గరే నా చదువు. ఇంటి గది బాగు చేయిస్తూ పిల్లకి పాఠాలెలా చెప్పారో వచ్చి చెప్పండి అని పిలిచారు. నేను చెప్పానో, అదే నేర్చుకుందో ఇప్పటికీ నాకు తేలలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా పెద్దమ్మాయికి ఆరో తరగతి వార్షిక పరీక్షల్లో లెక్కలకి వందకి 31 వచ్చాయి. ఇంట్లో ఒకటే టెన్షన్. ట్యూషన్ పెట్టిద్దామని మా ఆవిడ, కాస్త ఆగుదామని నేను. అదే వేసవిలో మా తాతగారి నాటి ఇంట్లో వెనక గది బాగు చేయించాలనుకున్నాం. పాత సామాన్లు పడేసే గది. దాన్ని పిల్లకి ఇద్దామని. ఒకరోజు భోజనాల దగ్గర, ఏం ఆలోచించకుండానే అనేశాను, "గది నీది. 30,000 రూపాయలు ఇస్తాను. అందులో నేల, గోడలు, అరలు అన్నీ నువ్వే చూసుకో. నేను సామాను అమ్మేవాణ్ణి, నువ్వు కొనేదానివి" అని. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. (నవ్వులు)

మొదటి పని గోడ. మాది సముద్రం దగ్గర ఊరు, భూమిలో ఉప్పు నీరు. పాత ఇళ్ళన్నిటికీ కింద మూడడుగుల దాకా గోడ నెమ్ము ఎక్కి, రంగు పెచ్చులు ఊడి, తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది. రంగులమ్మేవాడిగా ఒక నిజం చెప్పాలి. ఇలాంటి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా రెండేళ్ళలో ఊడుతుంది. ఆ సంగతి తెలిసీ అమ్ముతుంటాం. మా అమ్మాయి అడిగింది, "నీళ్ళు పైనుంచి కదా కిందికి రావాలి, కిందనుంచి పైకి ఎలా పోతున్నాయి?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇటుక ముక్క ఒకటి తెచ్చి, పళ్ళెంలో సిరా కలిపిన నీళ్ళు పోసి నిలబెట్టాం. పొద్దున్నే లేచి చూస్తే నీలం సగం దాకా పాకింది. ఇటుకలో కంటికి కనపడని సన్నటి దారులుంటాయి, వాటిలోంచి నీరు పైకి ఎక్కుతుంది. గోడ బయటికి వచ్చాక నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోయి గడ్డకడుతుంది. ఆ గడ్డే లోపల్నుంచి పూతని తోసేస్తుంది. దీపంలో నూనె వత్తిలోకి ఎక్కడమూ ఇదే. ఆ మాట నేను కాదు, మా అమ్మ చెప్పింది, పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ.

దానికి మందు కూడా మా అమ్మే చెప్పింది. వెల్ల వెయ్యమంది. ప్లాస్టిక్ రంగయితే గోడకి పొర కప్పేస్తుంది, తడి బయటికి పోలేక ఇంకా పైకి ఎగబాకుతుంది. సున్నం అయితే గోడ ఆరనిస్తుంది. కాకపోతే ఏటేటా వేసుకోవాలి. సరే, కింద మూడడుగులు వెల్ల, ఆపైన రంగు అని నిర్ణయించింది పిల్ల. సున్నం నానబెట్టే పని మాత్రం నేనే చేశాను. పొడి సున్నం మీద నీళ్ళు పడితే కుతకుత ఉడుకుతుంది, కళ్ళలో పడితే చూపే పోవచ్చు. పిల్లని పది అడుగుల దూరంలో నిలబెట్టాను. అక్కణ్ణుంచే అరిచింది, "కింద పొయ్యి లేకుండా ఎలా ఉడుకుతోంది నాన్నా?" అని. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు ఒక గాలి పోతుంది, మిగిలిన దానికి నీళ్ళు తగిలితే వేడి పుడుతుంది, గోడకి వేశాక అదే గాలిని మళ్ళీ పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. ఇది పదో తరగతిలో వచ్చే పాఠం, కార్బన్ డై ఆక్సైడ్, కాల్షియం కార్బొనేట్ పేర్లతో. దానికి అప్పటికి పేర్లు తెలియదు. రాయి పొడి అయి మళ్ళీ రాయి అవుతుందని తెలుసు. పేర్లు తర్వాత తగిలించుకోవచ్చు.

ఇక కొలతలు. నేనిక్కడికి వచ్చింది అసలు ఈ ముక్క చెప్పడానికే.

టేపు పట్టుకుని గది కొలిచింది. పొడవు 11 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 3 అంగుళాలు. నోటు పుస్తకంలో 11.8 అని, 10.3 అని రాసుకుంది. కాలిక్యులేటర్ నొక్కితే 121న్నర చదరపు అడుగులు వచ్చింది. నేను చూశాను. తప్పు కనపడింది. అడుగుకి పది కాదు, పన్నెండు అంగుళాలు. అసలు లెక్క 119న్నర దాకా వస్తుంది. నోటి దాకా వచ్చింది చెబుదామని. కానీ రెండు చదరపు అడుగుల తేడా టైల్స్ పెట్టెల లెక్కలో కనపడదు కదా అని ఊరుకున్నాను.

టైల్స్ దగ్గర అదే నాకు పాఠం చెప్పింది. మేం "రెండు బై రెండు" అని అమ్మే టైలు ఉంది కదా, పెట్టెలో నాలుగు ఉంటాయి, పెట్టె 16 చదరపు అడుగులు అని నోటితో చెప్పేస్తుంటాం. అది దుకాణంలో టైలు మీద టేపు పెట్టి, "నాన్నా, ఇది రెండడుగులు లేదు, మోసం" అని అరిచింది, ఇద్దరు గిరాకీల ముందు. (నవ్వులు) నిజమే. ఆ టైలు 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే దాదాపు 610. పెట్టెకి పదిహేనున్నర చదరపు అడుగులే. ఇరవై ఏళ్ళ నుంచి అమ్ముతున్నాను, ఒక్కసారి కూడా టేపు పెట్టి చూడలేదు. ఆ రాత్రి గళ్ళ కాగితం మీద గది గీసి, టైల్స్ కొలతకి చిన్న కాగితాలు కత్తిరించి పేర్చింది. వైశాల్యం చూసి, తరుగు కలిపి నేను 9 పెట్టెలన్నాను. అది 8 చాలంది. నిండు టైల్స్ 30, చివర మిగిలే అయిదంగుళాల పట్టీకి ఒక్క టైలులోంచి నాలుగు ముక్కలొస్తాయి కాబట్టి రెండు టైల్స్, మొత్తం 32. లెక్క కరెక్టే. టైల్స్ మేస్త్రి వచ్చి, "అమ్మాయిగారూ, కోసేటప్పుడు ఒకటి పగిలితే?" అన్నాడు. తొమ్మిదే కొన్నాం. ఒకటి పగిలింది కూడా. మిగతా మూడూ మంచం కింద ఉన్నాయి.

ఇప్పుడు అరల సంగతి. గోడలో ఒక గూడు ఉంది, అందులో పుస్తకాలకి అరలు కావాలి. గూడు వెడల్పు మూడడుగుల పదకొండు అంగుళాలు. అమ్మాయి 3.11 అని రాసింది. దాన్ని పన్నెండుతో హెచ్చవేసి, 37 అంగుళాలు చాలని కాగితం మీద రాసి వడ్రంగి మేస్త్రికి ఇచ్చింది. అసలు కావలసింది 47. పది అంగుళాలు తక్కువ!

మా వడ్రంగి మేస్త్రి పెద్దాయన, మా నాన్న కాలం నుంచి మా ఇంటికి పని చేస్తున్నాడు. కాగితం చూశాడు, గూడు చూశాడు, నన్ను చూశాడు. నేను కళ్ళతో సైగ చేశాను, కోసెయ్యమని. ఆయన రంపం కింద పెట్టేశాడు. "తెలిసి తెలిసి చెక్కని పాడు చెయ్యను బాబూ. నీ పిల్లకి పాఠం కావాలంటే నా చేత్తో కాదు" అన్నాడు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి మరీ. ఆయన మాట నాకు గుచ్చుకుంది. చదువు పేరుతో ఇంకొకడి పనితనాన్ని నవ్వులపాలు చెయ్యకూడదు కదా. చివరికి బేరం కుదిరింది. ఒక్క అర మాత్రమే కోస్తాడు. ఆ ముక్కని ఆయనే ఇంకో పనికి వాడతాడు. మూడొందల రూపాయల చెక్క అది, పిల్ల పద్దులో పడుతుంది.

చెక్క కోసి ఇచ్చాడు. పిల్ల రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి గూట్లో పెట్టింది. ఒక కొస బద్దీ మీద ఆనింది, రెండో కొస గాల్లో ఉండిపోయింది. ఇటు జరిపితే అటు, అటు జరిపితే ఇటు. చెక్కని కింద పెట్టి దాని పక్కనే కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కాగితం తీసి పైకి చదివింది, "మూడడుగుల పదకొండు." మళ్ళీ చదివింది. తర్వాత 3.9, 3.10, 3.11 అని వరసగా రాసుకుంది. "మరి 3.9 పెద్దదా, 3.11 పెద్దదా?" అని తనలో తనే అడుక్కుంది. టేపు మీద మూడడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఒక వేలు, పదకొండు దగ్గర ఒక వేలు పెట్టి చూసింది. టేపు ఒకటి చెబుతోంది, లెక్కల పుస్తకం ఇంకోటి. అరగంట అలాగే కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి నోరు మూసుకోవడానికి పడిన కష్టం చెప్పలేను. ఆ తర్వాత లేచి వచ్చి అంది, "నాన్నా, ఇది క్రికెట్ ఓవర్ల లాంటిది. నాలుగు పాయింట్ అయిదు ఓవర్లంటే నాలుగున్నర ఓవర్లు కాదు. ఇంకొక్క బంతి వేస్తే అయిదయిపోతుంది."

నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బళ్ళో దశాంశాలు మూడు నెలలు చెప్పారు. ట్యూషన్‌కి పంపితే ఇంకో మూడు నెలలు చెప్పేవారు. చుక్క తర్వాత ఉన్నది పదో వంతా, పన్నెండో వంతా, ఆరో వంతా అని అడగాలన్న ఊహ ఆ గాల్లో వేలాడిన చెక్క వల్ల వచ్చింది. వెంటనే వెళ్ళి గది కొలత కూడా మళ్ళీ కట్టింది, టైల్స్ లెక్కలో తప్పు దానంతటదే పట్టుకుంది. మేస్త్రిగారు పక్కనే బీడీ కాలుస్తూ, "అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అది కూడా రాసుకో పాపా" అన్నాడు. ఆయన అసలు టేపే వాడడు. గూట్లో పుల్ల పెట్టి, సరిపడా విరిచి, ఆ పుల్లని చెక్క మీద పెట్టి గీత గీస్తాడు. పైన ఒక పుల్ల, కింద ఒక పుల్ల. ఎందుకు తాతా రెండు అంటే, "ఈ గోడ కట్టినవాడు తాగి కట్టాడు" అన్నాడు. (నవ్వులు) పైనా కిందా వెడల్పులో నాలుగు నూళ్ళ తేడా వచ్చింది, అంటే అరంగుళం. లెక్కల పుస్తకంలో గదులన్నీ దీర్ఘచతురస్రాలే. మా ఇంట్లో ఒక్కటీ కాదు. మూల నుంచి ఒక గోడ మీద మూడడుగులు, పక్క గోడ మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య కొలిస్తే సరిగ్గా అయిదడుగులు రావాలి, అప్పుడే మూల మట్టం. ఆయన చూపించాడు. మాకు అయిదడుగుల ఒక అంగుళం వచ్చింది. పైథాగరస్ పేరు ఆయనకి తెలియదు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ చెక్క వ్యవహారం తర్వాత నాకు ఉత్సాహం ఎక్కువైపోయింది. బకెట్ కనపడితే ఘనపరిమాణం ఎంత, నిచ్చెన కనపడితే కోణం ఎంత. రెండు రోజులు చూసింది. మూడో రోజు గదిలోకి రావడం మానేసింది. అడిగితే, "నువ్వు అడుగుతుంటే అది నా గదిలాగా లేదు, పరీక్ష హాల్లాగా ఉంది" అంది. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. అది అడిగితేనే మాట్లాడాను.

రంగు విషయంలోనూ అంతే. ముదురు నీలం కావాలంది. చిన్న గదికి ముదురు రంగేమిటని నా వ్యాపార బుద్ధి. అట్టపెట్టె లోపల అదే నీలం పూసి, పక్కన కిటికీలా కోసి, లోపల ఒక బొమ్మ పెట్టి కన్నంలోంచి చూసింది. ఇంకో పెట్టెకి తెలుపు పూసి చూసింది. నీలం పెట్టెలో బొమ్మ కనపడలేదు. ఒక్క గోడకి నీలం, మూడింటికి తెలుపు అని తనే తగ్గించుకుంది. వెలుతురు గోడల మీద పడి తిరిగి రావడం గురించి నేనొక్క ముక్క చెప్పలేదు.

కూలీల పద్దు కూడా అదే రాసేది. ఒకరోజు రాస్తూ ఆగిపోయింది. ఇసుక మోసిన మగమనిషికి ఒక కూలి, అదే రోజంతా అదే ఇసుక మోసిన ఆడమనిషికి తక్కువ కూలి. "ఎందుకు?" అంది. ఊళ్ళో రేటు అంతే అన్నాను. "ఆవిడ మోసిన తట్టలు లెక్కపెట్టాను, తక్కువేం లేవు" అంది. ఏం చెబుతాను? సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చిందని తర్వాత వాళ్ళ బడి పంతులుగారు చెప్పారట. ఆ వారం ఇద్దరికీ ఒకే కూలి రాసింది, నేను ఇచ్చాను. ఆ డబ్బు కర్టెన్ల పద్దులోంచి పోయింది. కర్టెన్లు లేకుండానే గది పూర్తయింది.

కర్టెన్లు లేకపోవడమే మంచిదైంది. గదికి దక్షిణం వైపు కిటికీ. మే నెలలో ఆ కిటికీలోంచి ఒక్క ఎండ పొడ లోపలికి రాలేదు. అది చూసి చదువుకునే బల్ల కిటికీ కిందే వేసుకుంది. డిసెంబరు వచ్చేసరికి మధ్యాహ్నం బల్ల నిండా ఎండ, ఆదివారం కూర్చుని చదవలేని పరిస్థితి. "ఎండ చోటు మార్చుకుంది" అని వచ్చి చెప్పింది. ఇది నేనూ ఊహించలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నేల మీద ఎండ అంచుని సుద్దతో గీసి తేదీ రాసేది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మా ఊరికి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. డిసెంబరు చివర దక్షిణాన, ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. భూమి ఒరిగి తిరుగుతుందని బళ్ళో గ్లోబు పెట్టి చెప్పారు, పిల్లలు రాసుకున్నారు. ఒరగడం వల్ల నా బల్ల జరపాల్సి వచ్చింది అనుకునే పిల్ల అది మర్చిపోదు. ఇంకో తమాషా. డిసెంబరులో, క్రిస్మస్ రోజుల్లో, మా ఇంట్లో నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది సరిగ్గా పన్నెండింటికి కాదు, నాలుగైదు నిమిషాలు దాటాక. గడియారం తప్పేమో అనుకుంది. మన దేశపు టైము 82న్నర డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మేం దానికి పడమర ఉన్నాం. సూర్యుడు ముందు వాళ్ళని చూసి మా దగ్గరికి వస్తాడు.

ఎండ వచ్చాక కర్టెన్లు కొనక తప్పలేదు. పెడన మాకు పక్కనే. అక్కడ టేకు అచ్చులతో బట్ట మీద కొట్టే కలంకారీ ఉంది. కిటికీ నాలుగడుగులు, కుచ్చిళ్ళు రావాలంటే రెట్టింపు బట్ట, బట్ట పన్నా 44 అంగుళాలు. ఆ లెక్క అది నిమిషంలో వేసేసింది, ఇక నేను చెప్పేదేముంది. అక్కడి పెద్దాయన ఒకరు బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, దాని మీద తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళతో అచ్చు కొట్టారు. అచ్చు పడ్డచోట చూస్తూ ఉండగానే నలుపు పొంగింది. అచ్చులో నల్లరంగు లేదు, బట్టలో లేదు, రెండూ కలిస్తే పుట్టింది. ఎరుపుకైతే పటిక పట్టించి, రంగు నీళ్ళలో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే రంగు పట్టుకుంటుంది.

ఆ బట్ట కోసమే మా ఊరికి డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి గిడ్డంగులు పెట్టుకున్నారు. మన అద్దకం బట్ట యూరప్‌లో ఎంత అమ్ముడైందంటే, వాళ్ళ నేతగాళ్ళు గోల పెడితే 1686లో ఫ్రాన్స్, 1700లో, మళ్ళీ 1721లో ఇంగ్లండ్ పార్లమెంటు దాన్ని నిషేధించాయి. ఇంటికొచ్చి కర్టెన్ తగిలిస్తూ మా అమ్మాయి, "అయితే ఇది లండన్లో పెట్టుకుంటే జరిమానా వేసేవాళ్ళా?" అంది. చరిత్రలో దానికి ఒక్క తేదీ గుర్తుండేది కాదు. 1721 గుర్తుంది.

ఇదేదో నేను కనిపెట్టానని కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు సభ పెట్టి చెప్పింది ఇదే. చేతిపని చదువు పక్కన ఇంకో పీరియడ్ కాదు, ఆ పనిలోంచే లెక్కలూ చరిత్రా రావాలన్నారు. నా అనుమానం ఏమిటంటే, నూలు వడికే తకిలీ అందరికీ ఒకటే ఇచ్చారు. నూలు వడికినా వడకకపోయినా పిల్లాడికి ఒరిగేదేమీ లేదు. మా పిల్లకి ఆ అర కావాలి. పుస్తకాలు నేల మీద పడి ఉన్నాయి.

గదితో రానివీ ఉన్నాయి. ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే. సంధులు, సమాసాలు ఏ గోడలోంచీ ఊడిపడలేదు. హిందీ సంగతి అడక్కండి. ఏడో తరగతిలో లెక్కలకి 48 వచ్చాయి. వందకి తొంభై వచ్చిందని చెబుతానని మీరు ఎదురుచూసి ఉంటారు. రాలేదు. కరెంటు పనికి మాత్రం పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మీటరు చదివించండి చాలు. 75 వాట్ల ఫ్యాను పన్నెండు గంటలు తిరిగితే యూనిట్‌కి కాస్త తక్కువ కాలుతుందని తెలిశాక, మా ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం లేదు. అదొక బాధ నాకు, దుకాణం నుంచి వచ్చేసరికి గది చల్లగా ఉండదు. (నవ్వులు)

అద్దె ఇల్లయితే ఎలా అని ముందు వరసలో ఒకావిడ చీటీ పంపారు. గోడకి మేకు కొట్టనివ్వరు, నిజమే. ఎండ గీతలకి మేకు అక్కర్లేదమ్మా. కాగితం మీద గది గీసి మంచం, బీరువా బొమ్మలు కత్తిరించి జరుపుకోవడానికీ అక్కర్లేదు. ఒక్కటే, చివరికి నిజంగా మంచం జరపాలి. పిల్లతో బొమ్మ గీయించి, మంచం మీకు నచ్చినచోటే ఉంచేస్తే రెండోసారి అది గీయదు.

ఆ 37 అంగుళాల చెక్క మేస్త్రిగారు తీసుకెళ్ళలేదు. అమ్మాయి ఇవ్వనంది. నీలం గోడకి తగిలించి దాని మీద కరక్కాయలు, పగిలిన టైలు ముక్క, ఆ సిరా ఇటుక పెట్టుకుంది. నెమ్ము మళ్ళీ పైకి వస్తోంది, వెల్ల మీద పెన్సిల్‌తో గీతలు గీసి తేదీలు వేస్తోంది. సంక్రాంతికి మళ్ళీ సున్నం నానబెట్టాలి, ఈసారి అయిదడుగుల దూరానికి అనుమతి అడిగింది. ఇంకా ఆలోచిస్తున్నాను.

ప్రశ్నలుంటే అడగండి. టైల్స్ రేట్లు మాత్రం ఇక్కడ అడక్కండి, బందరు రండి. టేపు తెచ్చుకుని మరీ.